రాబోయే రేటు మీద ఈపొద్దే అప్పు: ఆ లెక్కలో మన పేరు యాడుంది?

మొన్న ఉగాదికి ఊరికి పోతే మా చిన్నాయన కొడుకు బండి మీద ఎక్కించుకోని కౌతాళం బయటికి తీసకపోయినాడు. ఒక చేన్లో నాలుగు రాళ్లు నాటి, సున్నంతో గీతలు గీసి పెట్టినారు. జొన్న కోసిన మోళ్లు ఇంగా అట్లనే ఉండాయి. "అన్నా, ఈడ రోడ్డు పడుతుందంట. ఇప్పుడు తీసుకుంటే అగ్గువ. పడినంక మనం ముట్టుకోలేం" అన్నాడు. రోడ్డు ఎవరు ఏస్తారు, ఎప్పుడు ఏస్తారు అంటే "ఏస్తారంటన్నా" అనేదే జవాబు. ఆ "అంట" మీదనే పోయిన ఏడాదికీ ఈ ఏడాదికీ సెంటు రేటు ఒకటికి ఒకటిన్నర అయిందని చెప్పినాడు.

నేను ఆ సున్నం గీతల కాడ నిలబడి ఆలోచన చేసినా. ఆ చేన్లో ఎవరూ ఏమీ చేయలేదు. బోరు ఏయలేదు, గోడ కట్టలేదు. రోడ్డు పడితే పడేది సర్కారు దుడ్లతో, అంటే మనం కట్టిన పన్నులతో. పెరిగిన రేటు మాత్రం రాళ్లు నాటినాయన జోబిలోకి పోతాంది. రోడ్డు ఏసే సర్కారుకేమో దుడ్లు లేవు, అప్పు తేవాల. ఇదేం లెక్క?

ఈ లెక్కను తిరగేసి రాసినోళ్లు ఉండారు. రోడ్డు వల్ల పెరిగే రేటు నుంచే రోడ్డు ఖర్చు రాబట్టుకుందామని, అదీ ముందే, రేటు పెరగకముందే అప్పు తెచ్చుకోని కట్టేద్దామని. దాని పేరు ట్యాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్. పొడుగు పేరు గాబట్టి అమెరికావాళ్లు 'టిఫ్' అంటారు. టిఫిన్ కాదు, టిఫ్. పన్నులో పెరుగుదలను చూపించి డబ్బు పుట్టించడం అన్నమాట. వినేదానికి మంచిగనే ఉంటుంది. యాడ పనిచేస్తుంది, యాడ దెబ్బ కొడుతుంది, మన కౌతాళం పిల్లోల్లకు దాంతో ఏం పని అనేది చెప్పడానికే ఇది రాస్తాన్నా.

ముందు లెక్క అర్థం చేసుకుందాం. ఆదోనిలో ఒక పాత పేట అనుకోండి. ఊరికే అనుకుందాం, అట్లాంటి పథకం ఆడ ఏదీ లేదు. ఒకప్పుడు జిన్నింగు మిల్లులు ఉన్న తావు, ఇప్పుడు రేకుల గోదాములు, మురికి కాలువ, గుంతల దారి. ఆ పేట మొత్తం మీద మున్సిపాలిటీకి ఇంటి పన్ను, అంగడి పన్ను కలిపి ఏడాదికి 10 లక్షలు వస్తాంది. మున్సిపాలిటీ ఆ పేట చుట్టూ మ్యాపులో ఒక గీత గీస్తుంది. ఈ పొద్దు వచ్చే 10 లక్షలను 'బేస్' అని రాసి పెట్టుకుంటుంది. ఇంగ 20 ఏండ్లపాటు ఆ 10 లక్షలు మాత్రమే ఎప్పటి మాదిరి ఖజానాకు పోతాయి. ఆ పైన ఎంత పెరిగినా, అది వేరే డబ్బాలో పడుతుంది.

ఇప్పుడు ఆ డబ్బాను చూపించి మున్సిపాలిటీ కోటి రూపాయలు అప్పు తెస్తుంది. దారి ఏస్తుంది, కాలువ కడుతుంది, దీపాలు పెడుతుంది. పేట బాగుపడితే గోదాముల జాగాలో షాపులు వస్తాయి, మిద్దెలు లేస్తాయి. ఐదేండ్లకు పన్ను 40 లక్షలు అయిందనుకుందాం. పాత 10 ఖజానాకు, మిగతా 30 డబ్బాకు. ఆ 30తో వడ్డీ, అసలు తీరుస్తూ పోతారు. మొదటి ఏండ్లలో డబ్బాలో ఏమీ పడదు గాబట్టి ఆ వడ్డీని కూడా అప్పులోనే కలుపుకోవాల. అప్పు తీరినంక గీత చెరిపేస్తారు, 40 లక్షలూ ఖజానాకే.

ఎవరి మీదా కొత్త పన్ను ఏయలేదు, ఖజానాలో ఉన్నది తీయలేదు. పేట బాగైంది. చెప్పేటోడు ఇట్ల చెప్తే మీరు కూడా తల ఊపుతారు. నేనూ ఊపినా, మొదటిసారి చదివినప్పుడు.

ఈ పద్ధతి పుట్టింది కాలిఫోర్నియాలో, 1952లో. అప్పట్లో కేంద్రం పట్టణాల బాగుకు డబ్బు ఇస్తాంటే, స్థానిక సంస్థలు తమ వాటా చూపించాల. ఆ వాటా యాడినుంచి తేవాలో తెలియక ఈ దోవ కనిపెట్టినారు. ఆ తర్వాత దాదాపు అన్ని రాష్ట్రాలూ పట్టుకున్నాయి. శిఖాగో ఉన్న ఇల్లినాయిలో 1977లో చట్టం వచ్చింది, శిఖాగో నగరం 1984లో ఊరి నడిబొడ్డున మొదటి గీత గీసింది. అట్ల గీస్తా పోయి గీతల సంఖ్య నూరు దాటిపోయింది.

చట్టంలో రెండు మాటలు ఉండాయి. ఒకటి, ఆ తావు పాడుబడి ఉండాల. రెండు, ఈ డబ్బు లేకుంటే ఆడ ఎవరూ పెట్టుబడి పెట్టరు అని నిరూపించాల. ఈ రెండో మాటే మొత్తం కథ. ఎందుకంటే పేట దానంతట అదే పెరిగేదైతే, ఆ పెరిగే పన్ను ఎట్లయినా ఖజానాకు వచ్చేదే. బడులకు, ఆసుపత్రులకు, చెత్త ఎత్తేటోళ్ల జీతాలకు పోయేదే. గీత గీసి దాన్ని డబ్బాలో ఏసుకుంటే అది కొత్త దుడ్లు కాదు, బడి దుడ్లను దారి మళ్లించినట్లు.

శిఖాగోలో 2019 ఏప్రిల్‌లో అదే తగువు అయింది. లింకన్ యార్డ్స్ అని, నది ఒడ్డున పాత ఫ్యాక్టరీల జాగా. చుట్టుపక్కల ఉండేది మంచి స్థితిపరులు. ఆ తావులో 130 కోట్ల డాలర్ల దాకా టిఫ్ దుడ్లు వాడుకోవచ్చని నగర కౌన్సిల్ ఒప్పుకుంది. ఇది పాడుబడిన జాగా ఎట్లయితది, ఈ దుడ్లు లేకున్నా బిల్డర్లు ఎగబడి వచ్చేటోళ్లే గదా, అవతల పక్క పేదోళ్ల పేటల్లో ఎందుకు ఈ పద్ధతి పనిచేయడం లేదు అని బడిపిల్లోల్ల తల్లిదండ్రులు, టీచర్లు రోడ్డు మీదికి వచ్చినారు. వాళ్ల ప్రశ్న శానా సులువైంది. రేటు పెరిగే తావులోనే డబ్బా నిండుతాది. రేటు పెరగని తావులో గీత గీసినా డబ్బా ఖాళీనే. అంటే ఉన్నోళ్ల పేటకు ఇంకా వచ్చేది, లేనోళ్ల పేటకు ఏమీ రానిది.

కాలిఫోర్నియా అయితే ఇంకా దూరం పోయింది. పుట్టించినోళ్లే చంపినారు. ఆ రాష్ట్రంలో 400 దాకా పునరభివృద్ధి సంస్థలు తయారై, మొత్తం ఆస్తి పన్నులో దాదాపు 12 శాతం వాటి డబ్బాల్లోకే పోయే స్థితి వచ్చింది. బడులకు తగ్గింది రాష్ట్రం తన ఖజానానుంచి పూడ్చాల్సి వచ్చింది. గవర్నర్ జెర్రీ బ్రౌన్ వాటిని ఎత్తేయిస్తే 2012 ఫిబ్రవరి 1తో మూతపడినాయి. అరవై ఏండ్ల ముచ్చట.

మన దేశానికి ఇది 2017లో కాగితం మీదికి వచ్చింది. ఆ ఏడాది కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 'వాల్యూ క్యాప్చర్ ఫైనాన్స్' అని ఒక విధానం విడుదల చేసింది. పెరిగిన భూమి విలువలో సర్కారు వాటా పట్టుకునే మార్గాలు అందులో ఉండాయి. ఖాళీ జాగా పన్ను, బెటర్‌మెంట్ లెవీ, భూ సమీకరణ, వాటితో పాటు ఈ టిఫ్ కూడా. మెట్రో రైలు కావాలన్న నగరం ఇట్లాంటి దోవ చూపించాలని కూడా అదే ఏడాది మెట్రో విధానంలో పెట్టినారు.

నిజానికి ఈ ఆలోచన మన సీమకు కొత్త కాదు. తుంగభద్ర డ్యాం 1953లో పూర్తయింది. దిగువ కాలువ మన పక్కనుంచే పోతాంది. నీళ్లు వస్తే మెట్ట భూమి మాగాణి అయితది, రేటు పెరుగుతాది, ఆ పెరుగుదలలో కొంత సర్కారుకు కట్టండి అని 1950ల్లోనే ఆంధ్రలో బెటర్‌మెంట్ లెవీ చట్టం తెచ్చినారు. కాలువ చివర భూములున్నోళ్లకు ఈ మాట చెప్తే నవ్వుతారు. నీళ్లు వచ్చిందే తక్కువ, పెరిగిందేంది, పంచుకునేదేంది అని. ఆ నవ్వులో ఒక పాఠం ఉండాది, మల్లా వస్తా దానికాడికి.

తెలుగు నేల మీద ఈ లెక్కను అందరికంటే పెద్దగా ఏసింది అమరావతి. అది పేరుకు టిఫ్ కాదు. ఆడ పెరిగే పన్ను కాదు, పెరిగే భూమి విలువే ఆధారం. కానీ లోపల ఉండే ఆలోచన ఒకటే: రేపు పెరిగేదాన్ని చూపించి ఈపొద్దు కట్టడం.

అమరావతి అంటే మా ఇంట్లో వేరే జ్ఞాపకం. మా పక్క వలసను సుగ్గి అంటారని మీకు చెప్పే పని లేదు, ఇది చదివేటోళ్లలో సగం మంది సుగ్గి బస్సు ఎక్కినోళ్లే. దీపావళి అయినంక ఇంటికి తాళం, ముసిలోళ్లకు నూకలు, మేము గుంటూరుకు. నేను ఆరో తరగతిలో ఉండంగ ఒక ఏడాది తుళ్లూరు పక్క పత్తికి పోయినాం. నల్లరేగడి చేను, గట్టు మీద గుడిసె, దూరంగా కృష్ణ. మా అమ్మ ఒడి నింపుకోని వస్తే నేను తూకం కాడ నిలబడి కిలోలు రాసేటోన్ని. బడి ఎగ్గొట్టి లెక్కలు నేర్చుకున్నది ఆడనే.

ఆ చేలు ఇప్పుడు రాజధాని. 2014 డిసెంబరులో సీఆర్డీఏ చట్టం, 2015 జనవరి నుంచి భూ సమీకరణ. 217 చదరపు కిలోమీటర్ల రాజధాని నగరం కోసం దాదాపు 33 వేల ఎకరాలు రైతులు ఇచ్చినారు. సర్కారు ఎకరాకు ఇంత అని దుడ్లు ఇచ్చి కొనలేదు. భూమి ఇస్తే, దారులు, కాలువలు ఏసి, దాంట్లోనే కొంత ప్లాటుగా తిరిగి ఇస్తాం అన్నారు. మెట్ట ఎకరాకు 1000 గజాలు ఇంటి జాగా, 250 గజాలు అంగళ్ల జాగా. జరీబు అయితే అంగళ్ల జాగా 450 గజాలు. పదేండ్లపాటు కౌలు, మెట్టకు ఏడాదికి 30 వేలు, జరీబుకు 50 వేలు, ప్రతి ఏడాదీ పది శాతం పెంపు. ఎకరా అంటే 4840 గజాలు. అందులో 1250 రైతుకు తిరిగి వస్తే, దారులకు, పార్కులకు, ఆఫీసులకు పోగా మిగిలింది సర్కారు చేతిలో ఉంటాది. నగరం లేస్తే ఆ మిగిలిన జాగా బంగారం అయితది, అది అమ్మి అప్పు తీరుస్తాం, రాజధాని తన ఖర్చు తానే రాబట్టుకుంటాది అని చంద్రబాబు నాయుడు సర్కారు చెప్పింది.

చిన్న లెక్క కాదు ఇది. రైతు దృష్టిలో చూస్తే భూసేకరణ కంటే మేలు కూడా, ఎందుకంటే పెరిగే రేటులో రైతుకు వాటా ఉండాది. మా పక్క ఏ ప్రాజెక్టుకు భూమి పోయినా ఒక్కసారి ఇచ్చిన పరిహారం తప్ప, తర్వాత పెరిగినదాంట్లో ఒక్క పైసా చూసినోడు లేడు. ఆ ఒక్క విషయంలో అమరావతి పద్ధతి తప్పు అని నేను అనను.

కానీ రేటు అనేది నమ్మకం మీద నిలబడే వస్తువు. 2018 ఆగస్టులో సీఆర్డీఏ అమరావతి బాండ్లు అమ్మింది. 2000 కోట్లు, వడ్డీ 10.32 శాతం. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలో పెట్టినారు, అడిగినదానికంటే ఎక్కువ మందే వచ్చినారు. వాళ్లు ఎందుకు వచ్చినారు? అమరావతి భూమి రేటు మీద నమ్మకంతోనా? అది కొంచెం. అసలు కారణం, ఆ బాండ్లకు రాష్ట్ర సర్కారు గ్యారంటీ ఉండాది. సీఆర్డీఏ కట్టలేకపోతే రాష్ట్రం కడుతుంది అని.

2019లో సర్కారు మారింది. డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. పనులు నిలబడిపోయినాయి, తుమ్మచెట్లు మొలిచినాయి, ప్లాట్ల రేట్లు పడిపోయినాయి. 2022 మార్చి 3న హైకోర్టు అమరావతినే కట్టమని తీర్పు ఇచ్చింది, అది సుప్రీంకోర్టుకు పోయింది. రాజకీయం జోలికి నేను పోను. ఎవరు తప్పు, ఎవరు ఒప్పు అనేది మీ ఇష్టం. మాకు కర్నూలులో హైకోర్టు వస్తాదన్నప్పుడు టపాకాయలు కాల్చినోళ్లూ ఉండారు, 1953లో కర్నూలు రాజధాని అయి 1956కే పోయిన సంగతి గుర్తు చేసినోళ్లూ ఉండారు. నేను చెప్పేది లెక్క సంగతి. రేటు పడిపోయినంత మాత్రాన వడ్డీ ఆగదు. 2000 కోట్ల మీద 10.32 శాతం అంటే ఏడాదికి 206 కోట్ల దాకా. నగరం లేవలేదు, డబ్బా నిండలేదు, వడ్డీ మాత్రం తేదీ తప్పకుండా పిలుస్తాంది. గ్యారంటీ ఇచ్చిన రాష్ట్రం అంటే ఎవరు? ఆదోని సంతలో నూనె ప్యాకెట్టు కొని జీఎస్టీ కట్టేటోడు, కౌతాళంలో బండికి పెట్రోలు పోయించుకునేటోడు. మనమే.

2024లో మల్లా సర్కారు మారి పనులు మొదలైనాయి. ఈసారి ప్రపంచ బ్యాంకు, ఏడీబీ కలిసి, తలా 80 కోట్ల డాలర్లకు అటూ ఇటూగా అప్పు ఇస్తాన్నాయి. ఆ ఏడాది జులై బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ చెప్పిన 15 వేల కోట్లు ఈ దోవలోనే వస్తాన్నాయి. హడ్కో 11 వేల కోట్లు ఇస్తామంది. 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు మల్లా ప్రారంభించి పోయినాడు. రేట్లు మల్లా పైకి చూస్తాన్నాయి. అంతా అనుకున్నట్లు జరిగితే మిగులు జాగాలు అమ్మి అప్పు తీరుస్తారు. జరగకపోతే ఎవరి మీద పడుతుందో ఇందాకే చెప్పినా.

ఇంగొక మాట కూడా చెప్పాల. అమరావతిలో భూమి లేని కూలోళ్ల సంగతి. చేలు పోతే కూలి పోతాది గదా. అందుకని రాజధాని ఊర్లలో భూమి లేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయలు పింఛన్ పదేండ్లు ఇస్తామన్నారు. మంచి పనే. కానీ అది ఎవరికి? 2014 డిసెంబరు నాటికి ఆ ఊర్లలో నివాసం ఉన్నోళ్లకు. సుగ్గికి పోయినోళ్లు ఆడ నాలుగు నెలలే ఉంటారు, రేషన్ కార్డు కౌతాళంలో, ఓటు కౌతాళంలో. ఆ చేన్లలో పత్తి తీసిన మా అమ్మ యా లెక్కలోకీ రాలేదు. భూమి ఉన్నోళ్లకు ప్లాటు, ఊర్లో ఉన్నోళ్లకు పింఛన్, బాండ్లు కొన్నోళ్లకు వడ్డీ. దూరంనుంచి వచ్చి పోయేటోళ్లకు గ్యారంటీలో వాటా మాత్రమే దక్కింది, అదీ అడగకుండా.

మా నాయనకు ఈ విషయం చెప్తే "మనకేం రా, ఆడ చేలు పోతే ఇంగో పక్క పోతాం" అన్నాడు. అట్లనే పోయినారు కూడా, మిరక్కాయలకు.

ఇదే లెక్క హైదరాబాదులో వేరే మాదిరి నడిచింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఎంతమంది కోటీశ్వరులు అయినారో లెక్కే లేదు. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం రోడ్డు యాడ పడుతుందో ముందే తెలిసి కొన్నోళ్లది. అయితే సర్కారు చేతిలో సొంత జాగా ఉన్నకాడ మాత్రం సర్కారు కూడా బాగానే పట్టుకుంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఒక ఎకరా 100 కోట్ల 75 లక్షలకు పోయింది. అదే ఏడాది ఔటర్ టోలు వసూలును 30 ఏండ్లకు 7,380 కోట్లకు ప్రైవేటుకు ఇచ్చినారు. కోకాపేట ఎకరా రేటుకు మా పక్క ఎన్ని ఊర్లు వస్తాయో లెక్క కట్టబోయి మా తమ్ముడు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ మూసేసినాడు.

ఇప్పుడు మన ఆదోనికి వద్దాం. రెండో బొంబాయి అని పేరున్న ఊరు, పత్తి మార్కెట్టు. ఇట్లాంటి ఊర్లో టిఫ్ మాదిరి పథకం పెడితే నడుస్తుందా?

నడవాలంటే మొదట పన్ను అనేది రేటుతో పాటు పెరగాల. మొన్నటిదాకా మన మున్సిపాలిటీల్లో ఇంటి పన్నును అద్దె విలువ లెక్కన ఏసేటోళ్లు. ఆ అద్దె లెక్క ఏండ్ల తరబడి మారేది కాదు. 2020లో చట్టం మార్చి, 2021 ఏప్రిల్ నుంచి రిజిస్ట్రేషన్ విలువ మీద పన్ను పెట్టినారు. ఇండ్లకు విలువలో 0.10నుంచి 0.50 శాతం లోపల, అంగళ్లు లాంటివాటికి 0.20నుంచి 2 శాతం లోపల. చెత్త పన్ను గొడవలో ఇది మరుగునపడింది గానీ, ఇది పెద్ద మార్పు. రేటు పెరిగితే పన్ను పెరిగే దారి పడింది, టిఫ్‌కు కావాల్సింది ఇదే. కానీ జనం గోల పెడితే ఒక హద్దు పెట్టినారు, ఏడాదికి 15 శాతం కంటే ఎక్కువ పెంచకూడదు అని. ఆ హద్దు పేదోని ఇంటికి కాపు, నేను దాన్ని తీయమని అనను. అయితే ఇందాక చెప్పిన లెక్కను మల్లా చూడండి. 10 లక్షలు ఏడాదికి 15 శాతం పెరిగితే ఐదేండ్లకు 20 లక్షలు, 40 కాదు. పైన వచ్చేది కొత్త షాపులు, కొత్త మిద్దెలు లేస్తేనే రావాల. ఆదోనిలో పాత మిల్లు జాగాలో కొత్త షాపు పెట్టాలంటే కొనేటోడు ఉండాల. కొనేటోడు నాలుగు నెలలు గుంటూరులో, నాలుగు నెలలు బెంగళూరులో ఉంటే షాపు ఎవరికోసం?

ఇదే నేను కాలువ చివరి రైతు నవ్వు దగ్గర చెప్పబోయిన మాట. నీళ్లు రాని కాలువ మీద లెవీ ఏసినట్లే, రేటు పెరగని ఊరికి టిఫ్. శిఖాగో పేద పేటల కాడ, ఆదోని పాత పేట కాడ, మా కౌతాళం కాడ కథ ఒకటే. ఈ పద్ధతి పెరిగే తావును ఇంకా పెంచుతుంది. పెరగని తావుకు కావాల్సింది నేరుగా ఖజానా దుడ్లు, నీళ్లు, పని. పెరుగుదలను చూపించి అప్పు తెచ్చుకోండి అని మనకు ఎవరైనా చెప్తే, తప్పించుకోడానికి చెప్తాన్నాడని అర్థం. రాయలసీమకు ప్యాకేజీ బదులు 'మీ భూముల విలువతో మీరే అభివృద్ధి అవ్వండి' అనే మాట ఎప్పుడన్నా వస్తే, ఈ లెక్క గుర్తు పెట్టుకోండి.

అట్లని పెరిగే రేటు మన పక్క అసలు లేదా అంటే, ఉండాది, చిన్నగా. ఉరుకుంద ఈరన్న సామి గుడికి శ్రావణంలో జనం ఎట్ల వస్తారో మీకు తెలుసు. ఆ దారి బాగైనప్పుడల్లా పక్క జాగాల రేటు కదులుతాది. ఎమ్మిగనూరు, ఆదోని చుట్టూ చేలల్లో సున్నం గీతలు పడుతూనే ఉండాయి. ఆ అమ్మకాల్లో ఇప్పటికే ఒక చిన్న డబ్బా ఉండాది, మనకు తెలియదు అంతే. జాగా రిజిస్ట్రేషన్ చేస్తే మొత్తం ఏడున్నర శాతం కడతాం గదా. అందులో 5 స్టాంపు డ్యూటీ, 1 రిజిస్ట్రేషన్ ఫీజు, మిగతా ఒకటిన్నర ట్రాన్స్‌ఫర్ డ్యూటీ. ఆ ఒకటిన్నర ఉద్దేశం స్థానిక సంస్థలకు, అంటే మున్సిపాలిటీలకు, పంచాయతీలకు పోవడం. పది లక్షల ప్లాటు అమ్మితే 15 వేలు. ఏ అప్పూ లేకుండా, ఏ బాండూ లేకుండా, రేటు పెరిగే కొద్దీ పెరిగే దుడ్లు. టిఫ్ చేయాలనుకునే పనిని చిన్నగా, ముందే అప్పు చేయకుండా చేసేది ఇదే. ఆ దుడ్లు మన ఊరి ఖాతాలోకి ఎంత వచ్చినాయో, ఎప్పుడు వచ్చినాయో అడిగే హక్కు గ్రామసభలో కూర్చునే ప్రతి ఒక్కరికీ ఉండాది.

ఉగాది రోజు సాయంత్రం ఉగ్గాని తింటా మా చిన్నాయన కొడుకును అడిగినా, "నువ్వు ఆ ప్లాటు కొంటే రిజిస్ట్రేషన్‌కు ఎంత కడతావు?" అని. వాడు లెక్క ఏసి చెప్పినాడు. "అందులో పంచాయతీకి ఎంత?" అంటే తెలియదు అన్నాడు. పక్కన కూర్చున్న మాజీ వార్డు మెంబరు పెద్దనాయనను అడిగినా. ఆయనా తెలియదు అన్నాడు, ఐదేండ్లు మెంబరుగా ఉండి.

మరుసటి రోజు ఇద్దరం కలిసి ఒక తెల్ల కాగితం మీద రాసినాం. గత మూడేండ్లలో మన పంచాయతీకి ట్రాన్స్‌ఫర్ డ్యూటీ వాటా కింద ఏ తేదీన ఎంత జమ అయింది, దేనికి ఖర్చయింది అని. సమాచార హక్కు కింద పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇచ్చినాం. ముప్పై రోజుల గడువు. జవాబు వస్తే ఆ అంకెలు ఈడనే రాస్తా. మా తమ్ముడు ప్లాటు కొనడం అప్పటిదాకా ఆపుకున్నాడు, కనీసం రోడ్డు ఎవరు ఏస్తారో తెలిసేదాకా.